ఒకే పనికి ఒకే కూలి: జిమ్మీ హోఫా జీవితం



డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా వెలువడే ఈ ప్రత్యేక సంచికకు ఒక కార్మిక నాయకుని జీవితం రాసి ఇవ్వమని మన కార్యదర్శిగారు అడిగారు. నేను రచయితను కాను. ముప్పయ్యారు సంవత్సరాలు పే బిల్లులు, నోట్ ఫైళ్ళు రాసిన గుమాస్తాను. అందుచేత నోటు పెట్టినట్లే ముందు పూర్వాపరాలు, తర్వాత నా అభిప్రాయం, చివర ఉత్తర్వుల నిమిత్తం సమర్పణ అనే వరుసలో రాస్తున్నాను. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

మన దేశంలో నాయకులే లేరా, అమెరికావాడెందుకని మీరనుకోవచ్చు. కారణం ఉంది. మా అమ్మాయి, అల్లుడు డెట్రాయిట్ పక్కన ఉంటారు. మన తెలుగువారు ఆ ప్రాంతంలో చాలామంది ఉన్నారు. కొన్నేళ్ళ క్రితం నేను అక్కడికి వెళ్ళినప్పుడు మా అల్లుడు కారులో తిప్పుతూ ఒక హోటలు ఉండిన చోటు చూపించి, జిమ్మీ హోఫా ఆఖరుసారి కనబడింది ఇక్కడేనని చెప్పాడు. ఆ పేరు వినగానే నాకు 1975 గుర్తుకు వచ్చింది. అప్పుడు నేను చిన్న గుమాస్తాను, ఎమర్జెన్సీ రోజులు. ఆఫీసుకు వచ్చే పేపరులో ఆయన మాయమైన వార్త చదివి అందరం వింతగా చెప్పుకున్నాం. ఆయన ఎవరో మాత్రం మాకు తెలియదు. తర్వాత తీరికగా తెలుసుకున్నాను.

జేమ్స్ రిడిల్ హోఫా 14-2-1913న ఇండియానా రాష్ట్రంలో బ్రెజిల్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి బొగ్గు గనుల్లో పనిచేసేవాడు. ఆయన 1920లో ఊపిరితిత్తుల జబ్బుతో పోయేసరికి ఈ పిల్లవాడికి ఏడేళ్ళు. తల్లి ఇతరుల బట్టలు ఉతికి సంసారం లాక్కొచ్చింది. 1924లో డెట్రాయిట్ చేరారు. జిమ్మీ పద్నాలుగో ఏట చదువు మానేసి పనిలో చేరాడు.

ఆ తర్వాత క్రోగర్ అనే కిరాణా కంపెనీ గిడ్డంగిలో సరుకు దించే హమాలీగా కుదిరాడు. సాయంత్రం నుండి తెల్లవారేదాకా, పన్నెండు గంటలు, అక్కడే ఉండాలి. కూలి గంటకు 32 సెంట్లు. అయితే సరుకు దించినంతసేపే కూలి. బండి కోసం కాచుకు కూర్చున్న గంటలకు ఏమీ రాదు. గేటు దాటి పోవడానికీ వీల్లేదు. 1931లో స్ట్రాబెర్రీ పళ్ళ లోడు వచ్చిన రాత్రి హోఫా, అతని తోటివారు పని ఆపేశారు. కొద్ది గంటలు ఆగితే పళ్ళు పాడైపోతాయి. యజమానులు మాట్లాడడానికి వెంటనే ఒప్పుకున్నారు. అప్పటికి అతనికి పద్దెనిమిదేళ్ళు. ఏ పనిని ఎప్పుడు ఆపితే యజమానికి తగులుతుందో ఆ రాత్రి నేర్చుకున్న పాఠాన్ని అతడు జీవితాంతం మరచిపోలేదు.

మరుసటి సంవత్సరమే టీమ్‌స్టర్స్ యూనియన్ డెట్రాయిట్ శాఖలో పూర్తికాలం కార్యకర్త అయ్యాడు. లారీలు, బండ్లు తోలేవారి సంఘం అది. సంఘం పెట్టబోయినందుకు ఎన్నోసార్లు దెబ్బలు తిన్నాడు, అరెస్టయ్యాడు. లాండ్రీ కార్మికుల సమ్మెలో పరిచయమైన జోసెఫిన్‌ను 1936లో పెళ్ళి చేసుకున్నాడు. వారికి ఒక కూతురు, ఒక కొడుకు.

ఆ రోజుల్లో లారీ డ్రైవర్ల కూలి ఊరికొక రకం. ఒకే రోడ్డు మీద ఒకే సరుకు తోలే ఇద్దరిలో, ఉత్తరాది ఊళ్ళో చేరినవాడికి ఒక రేటు, దక్షిణాది ఊళ్ళో చేరినవాడికి తక్కువ రేటు. కంపెనీలకు అది లాభం. ఎక్కువ అడిగినవాడికి తక్కువకు తోలేవాణ్ణి చూపించవచ్చు. మినియాపొలిస్‌లో ఫారెల్ డాబ్స్ అనే నాయకుడు 1938లో పదకొండు రాష్ట్రాల లారీ డ్రైవర్లకు ఒకే ఒప్పందం సాధించాడు. హోఫా విద్య నేర్చుకున్నది ఆయన దగ్గరే. 1941లో రాజకీయ విభేదాలు వచ్చినప్పుడు అదే డాబ్స్ వర్గాన్ని దెబ్బతీయడానికి పెద్ద నాయకులు పంపిన మనుషుల్లోనూ హోఫా ఉన్నాడు. గురుదక్షిణ అలా చెల్లించాడు. కాని గురువు చూపిన దారి మాత్రం వదలలేదు.

ఆయన పద్ధతి మన గుమాస్తాలకు సులభంగా అర్థమవుతుంది. ఒక్కో ఊరి ఒప్పందం ఒక్కో తేదీకి ముగిసేది. వాటిని ఒకే తేదీకి ముగిసేలా క్రమంగా సర్దుకుంటూ వచ్చాడు. దక్షిణాది కంపెనీ సరుకు ఏనాటికైనా పెద్ద ఊళ్ళ గిడ్డంగులకు రావలసిందే, అక్కడ దించేది తన మనుషులే. అలా బలమున్న చోట బిగించి, బలంలేని చోట రేటు పెంచాడు. 1957లో యూనియన్ అధ్యక్షుడయ్యాడు. 1964 జనవరిలో దేశమంతటికీ ఒకే సరుకు రవాణా ఒప్పందం కుదిరింది. దాని కిందికి సుమారు నాలుగు లక్షల మంది డ్రైవర్లు వచ్చారు.

ఇంతవరకు చదివి ఆయన్ను దేవుణ్ణి చేయవద్దు. సంఘంలో దొంగల ముఠాలతో ఆయన పొత్తులు పెట్టుకున్నాడు. రాబర్ట్ కెనడీ సెనేట్ విచారణ సంఘం తరఫున ఆయన్ను ఏళ్ళ తరబడి వెంటాడాడు. 1957లోనే కార్మిక సమాఖ్య టీమ్‌స్టర్స్‌ను బహిష్కరించింది. 1964లో జ్యూరీ సభ్యులను ప్రలోభపెట్టిన నేరానికి ఎనిమిదేళ్ళు, పెన్షను నిధికి సంబంధించిన మోసం కేసులో అయిదేళ్ళు శిక్షలు పడ్డాయి. ఈ రెండోది మనం గుర్తుంచుకోవాలి. డ్రైవర్ల పెన్షను డబ్బు లాస్ వేగాస్ జూదగృహాలకు అప్పులుగా పోయింది. సభ్యుల కూలి పెంచినవాడే సభ్యుల వృద్ధాప్యపు కూటిని జూదగాళ్ళకు అప్పిచ్చాడు. తర్వాతి కాలంలో ఎన్నో రవాణా కంపెనీలు మూతపడి ఆ నిధి దివాలా అంచుకు చేరింది. 2022 డిసెంబరులో అక్కడి ప్రభుత్వం సుమారు 3,600 కోట్ల డాలర్లు ఇచ్చి మూడున్నర లక్షల మంది పెన్షన్లను నిలబెట్టింది.

హోఫా 7-3-1967న జైలుకు వెళ్ళాడు. 1971 డిసెంబరులో అధ్యక్షుడు నిక్సన్ శిక్ష తగ్గించగా బయటికి వచ్చాడు. 1980 వరకు యూనియన్ పదవులు చేపట్టరాదని షరతు. దానిపై పోరాడుతూ ఉండగానే 30-7-1975 మధ్యాహ్నం ఆ హోటలు దగ్గర ఎవరినో కలవడానికి వెళ్ళి తిరిగి రాలేదు. శవం దొరకలేదు. 1982లో చనిపోయినట్లు చట్టప్రకారం ప్రకటించారు.

ఇక అసలు సంగతి. అదే 1982లో, పార్సిళ్ళు చేరవేసే యు.పి.ఎస్. కంపెనీతో అదే యూనియన్ చేసుకున్న ఒప్పందంలో, కొత్తగా చేరే పార్ట్‌టైమ్ వారి రేటు గంటకు ఎనిమిది డాలర్లకు దిగిపోయింది. పాతవారి జీతం పోలేదు గనుక ఒప్పందం నెగ్గింది. 1997లో ఆ కంపెనీలో పదిహేను రోజుల సమ్మె జరిగి పదివేల పూర్తికాలపు కొలువులకు మాట తీసుకున్నారు. తర్వాత 2018లో డ్రైవర్లలోనే కొత్త తరగతి పెట్టారు. ఒప్పందంలోని ఆర్టికల్ నంబరును బట్టి వారిని ట్వెంటీటూ ఫోర్ డ్రైవర్లన్నారు. అదే బండి, అవే మెట్లు, అవే పార్సిళ్ళు. కూలి మాత్రం గంటకు కొన్ని డాలర్లు తక్కువ. ఓటు వేసినవారిలో ఎక్కువమంది వద్దన్నా, సగంకంటే తక్కువమంది ఓటు వేశారు గనుక తిరస్కరించడానికి మూడింట రెండు వంతుల ఓట్లు కావాలన్న నిబంధన చూపి నాయకత్వం ఒప్పందాన్ని ఖాయం చేసింది. అప్పటి అధ్యక్షుడు ఎవరనుకున్నారు? జేమ్స్ పి. హోఫా, మన హోఫాగారి కొడుకే. తండ్రి ఇరవయ్యేళ్ళు పాటుబడి చెరిపిన గీతను కొడుకు హయాములో మళ్ళీ గీశారు.

సభ్యులు ఊరుకోలేదు. 2021లో ఆ మూడింట రెండు వంతుల నిబంధన తీసేశారు, ఎన్నికల్లో కొత్త నాయకత్వాన్ని తెచ్చారు. 2023 ఒప్పందంలో ఆ తక్కువ తరగతి రద్దయి, అందులోని వారంతా మామూలు డ్రైవర్ల స్కేలులోకి వచ్చారు. పార్ట్‌టైమ్ వారికీ, వీరికీ తేడా మాత్రం మిగిలే ఉంది.

మన దగ్గర కూడా 1982 ముఖ్యమైన సంవత్సరమే. ఆ ఫిబ్రవరిలో ఢిల్లీ పోలీసు శాఖలోని ఒక డ్రైవరు, ఇతర శాఖల డ్రైవర్లతో సమానంగా జీతం కావాలని వేసిన కేసులో, మన తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డిగారు సమాన పనికి సమాన వేతనం రాజ్యాంగ లక్ష్యమేనని తీర్పు ఇచ్చారు. ఆ డిసెంబరు 17న వచ్చిన నకారా తీర్పు మీకందరికీ తెలిసిందే. రిటైరైన తేదీని బట్టి పెన్షనర్లను రెండుగా చీల్చడం చెల్లదన్నారు. ఆ ధర్మాసనంలోనూ చిన్నపరెడ్డిగారున్నారు. మనం జరుపుకునే పండుగ ఆ తీర్పుదే.

ఇప్పుడు నా సొంత సంగతి ఒకటి ఒప్పుకోవాలి. నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఒకే జీపుకు ఇద్దరు డ్రైవర్లుండేవారు. ఒకరు స్కేలులో, ఇంకొకరు మస్టరు రోలులో. స్కేలు డ్రైవరు బిల్లు ఒకటో తారీఖుకు, మస్టరు రోలు డ్రైవరుది పన్నెండు తర్వాత. రెండూ నా చేతిరాతే. అప్పుడు నాకు తప్పనిపించలేదు, నిబంధన అనిపించింది. రిటైరయ్యాక లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వెళ్తే ఆ రెండో ఆయన ఎదురయ్యాడు. అరవై దాటాక కూడా ఎవరికో కారు తోలుతున్నాడు. బాగున్నారా సార్ అని నన్నే ముందు పలకరించాడు. నాకు ఏమి అడగాలో తోచలేదు.

1-9-2004 తర్వాత చేరేవారికి కాంట్రిబ్యూటరీ పెన్షను అన్నప్పుడు నేను ఇంకా సర్వీసులో ఉన్నాను, మా సంఘం శాఖకు కోశాధికారిని. మన పెన్షను జోలికి రాలేదు కదా అని మేమంతా తేలిక పడ్డాము. ఖండిస్తూ ఒక తీర్మానం రాసి, టీ తాగి ఇళ్ళకు పోయాము. ఆ తీర్మానం రాసిందీ నేనే. రెండు రకాల జీతం యజమాని ఒక్కడి పనే అనుకునేవాణ్ణి. హోఫా కథ చదివాక తెలిసింది, దాని కింద రెండో సంతకం ఎప్పుడూ పాతవారిదే ఉంటుందని.

ఆ స్కీములో చేరినవారు ఇప్పుడు రిటైరవుతున్నారు. మన సంఘంలోకి వస్తే వారి కోర్కెలు వేరు, మన కోర్కెలు వేరు అవుతాయని కొందరు మిత్రులు సందేహిస్తున్నారు. నా మనవి ఏమంటే, వారిని చందాదారులుగా కాక, ఓటు హక్కుతో పూర్తి సభ్యులుగా చేర్చుకోవాలి. వారి పెన్షను కోర్కెను మన మహజరులో మొదటి అంశంగా పెట్టాలి. మన డి.ఆర్. బకాయిలు రెండో అంశం అయినా పరవాలేదు.

సర్వసభ్య సమావేశం వారి ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది.

శెలవు.