గడువుకు కట్టుబడిన కలం

ఆధునికాంధ్ర సాహిత్యానికి వైతాళికుడైన కందుకూరి వీరేశలింగం పంతులు 1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరంలో పూర్ణమ్మ, సుబ్బారాయుడు దంపతులకు జన్మించారు. నాలుగేండ్ల ప్రాయంలోనే తండ్రిని కోల్పోయి పెదతండ్రి సంరక్షణలో పెరిగారు. విద్యాభ్యాసానంతరం ఉపాధ్యాయ వృత్తిని స్వీకరించారు.

1874లో ఆయన ‘వివేకవర్ధని’ మాసపత్రికను స్థాపించారు. రాయాలనే సంకల్పం ఎందరికో కలుగుతుంది. గడువు లేని సంకల్పం మనస్సులోనే మిగిలిపోతుంది. పత్రికాధిపతికి ఆ వెసులుబాటు లేదు. నెల తిరిగేసరికి పాఠకునికి సంచిక అందించాలి. అందుచేత వీరేశలింగం ఒకవైపు బోధన సాగిస్తూనే మరొకవైపు వ్యాసాలు, ప్రహసనాలు రచించారు. పత్రిక మొదట చెన్నపట్నంలో అచ్చయ్యేది. ఆ దూరభారం తొలగించుకోవడానికి రాజమహేంద్రవరంలోనే సొంత ముద్రణాలయం నెలకొల్పారు. బాల్యవివాహాలను, ఉద్యోగుల లంచగొండితనాన్ని నిర్భయంగా ఖండించడంతో విరోధులు పెరిగారు. అయినా కలం వెనుదీయలేదు.

1878లో ‘రాజశేఖర చరిత్రము’ ఆ పత్రికలోనే భాగాలుగా వెలువడసాగింది. ఒక భాగం పాఠకుల చేతికి చేరిన తరువాత కథను నడుమ విడిచిపెట్టడం మాట తప్పడమే అవుతుంది. భాగం వెంట భాగంగా పెరిగిన ఆ రచన 1880లో గ్రంథరూపం దాల్చి, తెలుగు నవలా వికాసానికి బాట వేసింది.

రాసినదానికి ఆచరణలోనూ జవాబుదారీ కావాలని తలచి, 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించారు. ఆంధ్ర కవుల చరిత్రను, స్వీయచరిత్రను కూడా రచించి 1919 మే 27న చెన్నపట్నంలో కన్నుమూశారు.

ఒక్కనాటి ఆవేశంతో ఇంతటి సాహిత్యం పుట్టదు. సంచిక వెంట సంచికగా మాట నిలుపుకొన్న దీక్షయే వీరేశలింగాన్ని యుగకర్తగా నిలిపింది.