ఊపిరి పెట్టెలు పంచిన లార్డ్ నఫీల్డ్

ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఆఫీసు అంబాసిడర్ కారు ఎక్కనివారు మనలో తక్కువ. ఎక్కకపోయినా, పై అధికారి కోసం దాని తలుపు తీసి నిలబడినవారైనా ఉంటారు. 2014 వరకు తయారైన ఆ కారు ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారుకు మన దేశపు రూపం. ఆ మోరిస్ కార్ల కంపెనీని స్థాపించిన విలియం మోరిస్‌నే తరువాత లోకం లార్డ్ నఫీల్డ్ అని పిలిచింది. కార్ల వ్యాపారిగా ఆయన చాలామందికి తెలుసు. ఊపిరి అందని రోగుల కోసం ఆయన చేసిన పని మాత్రం కొద్దిమందికే తెలుసు. ఈ ప్రత్యేక సంచికలో దానిని గుర్తు చేసుకుందాం.

బాల్యం, వ్యాపారం

మోరిస్ 1877 అక్టోబరు 10న ఇంగ్లండులోని వూస్టర్‌లో జన్మించారు. ఆయన పసితనంలోనే కుటుంబం ఆక్స్‌ఫర్డ్ ప్రాంతానికి మారింది. శస్త్రవైద్యుడు కావాలని ఆయన కోరిక. తండ్రి ఆరోగ్యం దెబ్బతినడంతో ఆ కోరిక తీరలేదు. 15వ ఏట చదువు మాని సైకిళ్లు బాగుచేసే దుకాణంలో పనికి కుదిరారు. కొన్ని నెలలకు జీతం పెంచమని అడిగితే యజమాని ఒప్పుకోలేదు. 16వ ఏట 4 పౌండ్ల పెట్టుబడితో ఇంటి దగ్గరే సొంత పని ప్రారంభించారు.

సైకిళ్ల నుంచి మోటారు సైకిళ్లకు, వాటి నుంచి కార్లకు ఎదిగారు. 1913లో మొదటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు అమ్మకానికి వచ్చింది. 1921లో గిరాకీ పడిపోయినప్పుడు ఇతరులు వెనుకాడుతుంటే ఆయన ధరలు తగ్గించి అమ్మకాలు పెంచుకున్నారు. 1934లో ప్రభుత్వం ఆయనకు లార్డ్ బిరుదు ఇచ్చింది. ఆ దంపతులకు సంతానం లేదు. సంపాదించిన దానిలో దాదాపు 3 కోట్ల పౌండ్లు జీవితకాలంలోనే దానం చేశారు.

మత్తు వైద్యానికి పీఠం

1936లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వైద్య పరిశోధనకు ఆయన భారీ విరాళం ప్రకటించారు. అందులో మత్తు వైద్యానికి కూడా ఒక ఆచార్య పదవి ఉండాలని పట్టుబట్టారు. మత్తు ఇవ్వడం కూడా ఒక శాస్త్రమా అని పెద్దలు సందేహించినా ఆయన వినలేదు. దానికి కారణం స్వానుభవమే. చిన్నప్పుడు పన్ను పీకించుకునేటప్పుడు ఇచ్చిన మత్తు ఆయనకు పీడకలగా మిగిలింది. తరువాత డాక్టర్ రాబర్ట్ మాకింతోష్ ఇచ్చిన మత్తు నుంచి మేలుకొని, ఆపరేషన్ ఎప్పుడు మొదలవుతుందని అడిగారట! అప్పటికే అది పూర్తయింది. 1937లో ఆ మాకింతోషే మొదటి ఆచార్యుడయ్యారు.

చెక్క పెట్టెలో ప్రాణం

ఆ రోజుల్లో పోలియో ఛాతీ కండరాలకు పాకితే ఊపిరి ఆగిపోయేది. అమెరికాలో 1928లో ఇనుప ఊపిరితిత్తి అనే యంత్రం వచ్చింది. రోగిని మెడ వరకు పెట్టెలో పడుకోబెడతారు, తల బయట ఉంటుంది. పంపు పెట్టెలోని గాలిని లాగినప్పుడు ఛాతీ పైకి లేచి ఊపిరి లోపలికి పోతుంది. అయితే ఆ యంత్రం ఖరీదు సామాన్య ఆసుపత్రులకు అందేది కాదు.

1937లో ఆస్ట్రేలియాలో పోలియో వ్యాపించినప్పుడు ఎడ్వర్డ్ బోత్ అనే యువకుడు అదే యంత్రాన్ని ప్లైవుడ్‌తో, కొద్ది ఖర్చుతో తయారు చేశాడు. మరుసటి సంవత్సరం ఇంగ్లండులో మాకింతోష్ దాని మీద తీయించిన చలనచిత్రాన్ని నఫీల్డ్ చూశారు. తన కార్ల కర్మాగారంలోనే ఆ పెట్టెలు చేయిస్తాననీ, బ్రిటిష్ సామ్రాజ్యంలో ఏ ఆసుపత్రి అడిగినా ఉచితంగా ఇస్తాననీ ప్రకటించారు. మొత్తం 1,700కు పైగా యంత్రాలు పంచారు.

విమర్శ

అందరూ మెచ్చుకోలేదు. వాడడం తెలిసినవారు లేనిచోటికి యంత్రం పంపితే మేలు కంటే కీడే ఎక్కువని కొందరు వైద్యులు హెచ్చరించారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. పెట్టెలో ఉన్న రోగికి రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండే నర్సు కావాలి. గొంతులో కఫం చేరితే ఎంత మంచి యంత్రమైనా కాపాడలేదు.

1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో ఈ సంగతి స్పష్టమయింది. పోలియో విజృంభించిన తొలి వారాల్లో ఊపిరి ఆగిన 31 మందిలో 27 మంది మరణించారు. అప్పుడు మత్తు వైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ గొంతుకు రంధ్రం చేయించి, గొట్టం ద్వారా రబ్బరు సంచితో గాలి పంపించారు. సుమారు 1,500 మంది విద్యార్థులు వంతులవారీగా రోగుల పక్కన కూర్చుని చేతులతో ఆ సంచి నొక్కారు. మరణాలు సగానికి పైగా తగ్గాయి. నేటి ఐ.సి.యు.లకు పునాది అదే.

మరోవైపు నఫీల్డ్ పెట్టిన పీఠం నుంచి 1956లో ఒక మత్తు పరికరం వచ్చింది. సిలిండర్లు, కరెంటు లేకుండా మామూలు గాలితోనే పనిచేసే ఆ ఈ.ఎం.ఓ. పరికరం పేద దేశాలకు ఎంతో ఉపకరించింది.

నేటి పాఠం

పేద దేశాల్లో ఉన్న వైద్య పరికరాల్లో దాదాపు 38 శాతం పనిచేయడం లేదని 16 దేశాల లెక్కలు పరిశీలించిన ఒక అధ్యయనం 2011లో తేల్చింది. శిక్షణ, మరమ్మతు, కరెంటు వంటివి కొరవడడమే ముఖ్య కారణాలు. 2021లో ప్రచురితమైన మరో పరిశోధనలో, ఆఫ్రికాలోని 10 దేశాల 64 ఆసుపత్రుల్లో తీవ్ర చికిత్సా విభాగాల్లో చేరిన కోవిడ్ రోగుల్లో 48 శాతం మంది 30 రోజుల్లో మరణించినట్టు తేలింది. అక్కడ కొరత వెంటిలేటర్లకే కాదు, ఇతర వసతులకు, శిక్షణ పొందిన సిబ్బందికి కూడా.

నఫీల్డ్ 1963 ఆగస్టు 22న, 85వ ఏట కన్నుమూశారు. పోలియో టీకాలు, కొత్త వెంటిలేటర్లు వచ్చాక ఆయన పంచిన పెట్టెలు మూలపడ్డాయి. ఆయన పెట్టిన చదువుల పీఠం మాత్రం ఈనాటికీ పనిచేస్తూనే ఉంది. యంత్రాన్నీ, దానిని నడిపే మనిషి చదువునూ రెండింటినీ ఇచ్చిన దాత ఆయన. రెండోదే ఎక్కువ కాలం నిలిచింది.

మన సంఘాలూ, మన పిల్లలూ ఆసుపత్రులకు పరికరాలు విరాళంగా ఇస్తుంటారు. మంచిదే. ఇచ్చే ముందు దానిని ఎవరు నడుపుతారు, చెడితే ఎవరు బాగుచేస్తారు అని ఒక్కమాట అడిగితే ఆ దానం మూలపడదు.