గణితకవి పావులూరి మల్లన

తెలుగున ఆదికవి యెవరని యడిగినచో నన్నయభట్టని మన పాఠశాలలోని చిన్నపిల్లలును చెప్పగలరు. తెలుగున తొలి గణితగ్రంథము రచించినవాడెవరని యడిగినచో పెద్దలు సైతము క్షణకాలము ఆలోచింతురు. ఆ మహనీయుడు పావులూరి మల్లన.

1022వ సంవత్సరమున పట్టాభిషిక్తుడైన రాజరాజనరేంద్రుడు రాజమహేంద్రవరమునుండి వేంగీరాజ్యమును పాలించెను. ఆ రాజు ప్రోత్సాహముననే నన్నయ భారతమును తెనిగింప నారంభించెను. మల్లన వంశమువారికిని పిఠాపురము చెంతనున్న నవఖండవాడ యను గ్రామము ఆ రాజువలననే లభించినది. ఆ వంశమున తాతకును మనుమనికిని మల్లన యనియే పేరు. గ్రంథకర్త తాతయని కొందరును, మనుమడని కొందరును పండితులు వాదింతురు. ఎవరైనను, తెనుగువారికి లెక్కలను తెనుగుననే నేర్పిన కీర్తి మల్లన నామమునకే చెందినది.

మల్లన తెనిగించిన మూలగ్రంథము మన ప్రాంతమునకు దూరమైనది కాదు. నారాయణఖేడునకు నైరృతిదిక్కున, నేటి కర్ణాటకరాష్ట్రమున, మాల్ఖేడు గ్రామము కలదు. అదియే రాష్ట్రకూటుల రాజధానియైన మాన్యఖేటము. అమోఘవర్ష చక్రవర్తి కాలమున, అనగా 9వ శతాబ్దమున, మహావీరాచార్యుడను జైనపండితుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. ఏకము, దశము, శతము మొదలుకొని మహాక్షోభము వరకు 24 స్థానములకు అందు పేర్లు కలవు. మహాక్షోభమనగా ఒకటి తరువాత 23 సున్నలు గల సంఖ్య. సంస్కృతము రాని కరణమునకును వర్తకునకును ఈ విద్య తాళము వేసిన పెట్టెవలె నుండెను. మల్లన దానిని తేట తెనుగు పద్యములలో తెరచి చూపెను. మూలమునందలి జైనసంబంధమైన యుదాహరణములకు మారుగా శివభక్తికి సంబంధించిన వానిని చేర్చి, తనవారికి పరిచితమగునట్లు చేసెను.

పద్యమున అంకెలను ఇముడ్చుట యెట్లు? అందులకు పూర్వులొక యుపాయము కనిపెట్టియుండిరి. చంద్రుడొక్కడే కావున చంద్రుడనిన 1, వేదములనిన 4, మన్మథుని బాణములనిన 5, కులపర్వతములనిన 7, శూన్యమైన ఆకాశమనిన సున్న. ఈ మాటలను ఒకట్లస్థానముతో మొదలిడి వరుసగా చెప్పుదురు. వినువాడు అంకెలను కుడినుండి ఎడమకు వ్రాసికొనును. తాటియాకులపై అంకె చెరిగిన తెలియకపోవచ్చును. పద్యమున మాట జారినచో ఛందస్సే తప్పును పట్టియిచ్చును.

మల్లన గ్రంథమున చదరంగపు లెక్క ప్రసిద్ధము. 64 గళ్లలో మొదటి గడిలో ఒక గింజయు, రెండవదానిలో రెండును, మూడవదానిలో నాలుగును, ఇట్లు రెట్టింపుగా నుంచినచో మొత్తమెంత? 1,84,46,74,40,73,70,95,51,615. ఈ 20 అంకెల సంఖ్యను మల్లన ఒక్క పద్యమున ఇమిడ్చెను. అందు రెండు సున్నలు కలవు. విలువలేనిదని వానిని విడిచినచో 20 స్థానముల సంఖ్య 18 స్థానములకు దిగజారును. సున్న తాను ఏమియు కాకున్నను ఇతరుల స్థానమును కాపాడును.

అంకె రూపము మారవచ్చును; స్థానధర్మము మారదు. 205 అని వ్రాసినను, ౨౦౫ అని వ్రాసినను విలువ ఒక్కటియే. 1948 వరకు నిజాము రాజ్యమున నుండిన మన ప్రాంతమున ఉర్దూ అంకెలును వాడుకలో నుండెను. ఉర్దూ లిపి కుడినుండి ఎడమకు నడచినను, సంఖ్యలో ఒకట్లస్థానము కుడిచివరనే యుండును. గడియారముల మీద కనబడు రోమను అంకెలకు ఈ స్థానధర్మము లేదు. ఆ పద్ధతిలో 2000 వ్రాయుటకు రెండక్షరములు చాలును. దానికంటె చిన్నదైన 1888 వ్రాయుటకు 13 అక్షరములు కావలెను. అట్టి లిపితో గుణకారము చేయుట యెంత కష్టమో యోచింపుడు.

ఇది పండితుల వినోదము మాత్రమే కాదు. అప్పుపత్రమున 205 రూపాయలకు మారుగా 250 అని వ్రాసినచో అంకెలు మూడును అవియే. కాని చదువెరుగని రైతు 45 రూపాయలు నష్టపోవును. స్థానమెరిగినవానిని మోసగించుట దుర్లభము. మల్లన తెనుగున లెక్కలు చెప్పుటవలన కలిగిన మేలిదియే.

విద్యార్థులారా! మీరు నేర్చిన లెక్కను ఇంటివద్ద చదువురాని పెద్దలకు మాతృభాషలో విశదపరచుడు. వారి పత్రములను, రసీదులను చదివి వినిపింపుడు. ఎరిగినదానిని తనవారికి వారి మాటలలో అందించుటయే మల్లన చేసిన పని. అది నేటికిని మనకు చేతనైన పనియే.