టంకశాలయందు న్యూటను

సర్ ఐజాక్ న్యూటను పేరు వినని విద్యార్థి యుండడు. ఆయన చలన సూత్రములను మన పాఠ్యపుస్తకములు చెప్పుచునే యున్నవి. కాని యా మహాశయుడు తన జీవితమున కడపటి ముప్పదియేండ్లు లండను టవరునందలి రాజకీయ టంకశాలలో నుద్యోగము చేసెనని యెరిగినవారు కొలదిమంది. ఆ భాగమును గూర్చియే మేమిచట వ్రాయనుద్దేశించితిమి.

ఆనాటి ఆంగ్ల పంచాంగము ననుసరించి ఆయన 1642 డిసెంబరు 25వ తేదీన ఊల్స్‌థార్పు అను పల్లెయందు జన్మించెను. కేంబ్రిడ్జిలో చదివి, 1669లో నచటనే గణితాచార్యుడయ్యెను. 1687లో ప్రిన్సిపియా వెలువడెను. 1696లో మిత్రుడును ఆర్థికమంత్రియునగు చార్లెసు మాంటేగు ప్రాపున టంకశాలకు వార్డెనుగా నియమితుడయ్యెను. అది విశ్రాంతిగా జీతము పుచ్చుకొనదగిన పదవియని యందరు నెంచిరి. న్యూటను మాత్రము తొలినాటినుండియు మరల చెంతనే నిలిచి పనివారి చేతులను గమనింపసాగెను.

అప్పటి చిక్కు ఎట్టిదో కొంత చెప్పవలెను. 1662 వరకు ఆ దేశమున నాణెములను చాలవరకు సమ్మెటతోనే కొట్టుచుండిరి. వెండిబిళ్ళను రెండచ్చుల నడుమ నుంచి మోదెడివారు. చేతిపని యగుటచే ముద్ర యొకప్రక్కకు జరుగుటయు, అంచు వంకరపోవుటయు సహజము. ఇవి టంకశాల దోషములు; వీనివలన వెండి తరుగదు. దీనిని కనిపెట్టిన దురాశాపరులు అంచులను కత్తెరతో సన్నముగా కోసి, ఆ వెండిని కరగించి అమ్ముకొనిరి. వంకర పుట్టుకతో వచ్చినదో, కత్తెర వలన కలిగినదో చూపరులకు తెలియదు. ఒక్కొక్క నాణెపు తూనికయు మొదటినుండి కొంత హెచ్చుతగ్గుగా నుండెడిది గనుక త్రాసు సైతము అన్నివేళల సాక్ష్యము చెప్పజాలదు.

నేటికిని నాణెములు సేకరించువా రీ ప్రశ్ననే వేయుదురు. అచ్చు వేయునపుడు కలిగిన లోపమైనచో లోహము అచ్చు ఒత్తిడికి లొంగి, ఉన్నంతమేర ముద్ర తన సహజరూపముతో నుండును. పిమ్మట తగిలిన దెబ్బయైనచో ముద్రయే నలిగి, లోహము ప్రక్కకు త్రోయబడి కనబడును. మొదటిదానికి వెల హెచ్చు; రెండవదానిని పాడైన కాసుగనే యెంచుదురు. న్యూటను కాలమున నీ భేదము వేడుక కాదు. నాణెము కోయుట రాజద్రోహము. దానికి శిక్ష మరణమే.

1662 తరువాత మరలతో నాణెములు ముద్రింపసాగిరి. పెద్దవాని అంచున అక్షరములు, చిన్నవాని అంచున సన్నని గీతలు వేసిరి. ఇక కత్తెర సోకినచో వెంటనే తెలియును. అయినను పాతవియు క్రొత్తవియు నొకే విలువకు చెల్లుచుండుటచే జనులు మంచివానిని దాచి, కోసినవానిని చేతులు మార్చిరి. 1695 నాటికి పాత వెండినాణెముల తూనికలో దాదాపు సగము మాయమయ్యెను. కావున ప్రభుత్వమువారు వాని నన్నిటిని రప్పించి తిరిగి ముద్రింప దొరకొనిరి. గుర్రములు త్రిప్పు మరలు వేకువనుండి నడిరేయిదాక తిరిగినవి. ఇతర పట్టణములయందు నైదు టంకశాలలు తాత్కాలికముగా వెలసెను; చెస్టరునందలి దానిలో ఖగోళజ్ఞుడు హాలీ పనిచేసెను.

కల్లనాణెములు చేయువారిని పట్టి విచారించుట వార్డెను ధర్మము. ఈ పని తనకు వలదని న్యూటను 1696లో పై యధికారులకు విన్నవించుకొనెను; వారు విడువలేదు. నేరస్థుని పట్టిచ్చినవానికి నలుబది పౌనుల బహుమాన ముండుటచే సాక్షుల మాటను జూరీలు నమ్మకుండిరని ఆయనయే యెత్తిచూపెను. కనుక తానే వందకుపైగా వాఙ్మూలములు సేకరించెను. విలియం చాలొనరు అను మోసగా డొకడు టంకశాలవారే అసమర్థులని పార్లమెంటునకు ఫిర్యాదు చేసి, నకలుకు లొంగని నాణెములు తాను చేయించెద, లోనికి రానిమ్మని కోరెను. న్యూటను రానీయలేదు. సాక్ష్యములు కూర్చి వానిని న్యాయస్థానమున నిలిపెను. ప్రాణభిక్ష వేడుచు వాడు వ్రాసిన జాబులు ఫలింపలేదు; 1699 మార్చిలో వానిని ఉరితీసిరి. ఇంతటి కాఠిన్యమును మేము మెచ్చజాలము. అయినను ఊహామాత్రమున నెవనిని శిక్షింపలేదనుట నిజము.

1699 చివర ఆయన టంకశాల మాస్టరయ్యెను. అప్పటివరకు గినీలలో కొన్ని బరువెక్కి యుండెడివి. స్వర్ణకారులు వానిని ఏరి కరగించి, ఆ బంగారమునే తిరిగి టంకశాలకు తెచ్చి లాభము పొందుచుండిరి. న్యూటను తూనికల తేడాను తగ్గించి ఆ వర్తకమును కట్టించెను. 1705లో ఆన్ రాణి ఆయనకు సర్ బిరుద మొసంగెను.

1710లో మాత్రము నింద ఆయన పైననే పడెను. టంకశాలనుండి ఎప్పటికప్పుడు కొన్ని నాణెములను పెట్టెలో దాచియుంచి, స్వర్ణకారుల జూరీ వానిని కరగించి, ప్రమాణముగా నుంచిన బంగారు పలకతో పోల్చి వన్నె తేల్చుట ఆచారము. ఆ యేడు గినీల వన్నె కొంచెము తక్కువయని జూరీ పలికెను. అఱువదియేడేండ్ల వృద్ధుడు తానే పరీక్షలు చేసి, దోషము నాణెములందు లేదు, 1707లో చేసిన ఆ పలకయే ఉండదగినదానికంటె మేలిమిగా నున్నదని వాదించెను. తరువాత నా పలకను ప్రక్కకు పెట్టి, 1688 నాటి పలకను వాడుకలోనికి తెచ్చిరి.

1727 మార్చిలో మరణించువరకు ఆయన మాస్టరుగనే యుండెను. దేహమును వెస్టుమినిస్టరు ఆబీయందు సమాధి చేసిరి. ఆయన మేనకోడలి భర్త జాన్ కాండ్యూటు ఆ పదవిని స్వీకరించెను.