ట్రాక్టరుకు మూడు చేతులు పెట్టినవాడు

జనగామ రాళ్ల చెలకకైనా, మహబూబాబాద్ మిరప చేనుకైనా, భూపాలపల్లి నల్లరేగడికైనా పాత ట్రాక్టరు బేరమాడే రైతు మొదట ఇంజను చప్పుడు వింటాడు, తర్వాత టైర్లు తడిమి చూస్తాడు. వెనుక నాగలి తగిలించే మూడు లింకుల వంక అంతగా చూడడు. చిన్న ట్రాక్టరు లోతు దుక్కి దున్నుతున్నదంటే ఆ మూడింటి చలవే. వాటిని కుదిర్చినవాడు హ్యారీ ఫెర్గూసన్.

1884లో ఐర్లండులో రైతు ఇంట పుట్టాడు. సేద్యం గిట్టక అన్నగారి మోటారు షాపులో చేరాడు. 1909 చివరి రోజున తాను కట్టిన విమానంలో తానే ఎగిరాడు. మొదటి ప్రపంచయుద్ధం నాటి తిండి కరువులో, 1917లో, ప్రభుత్వం ఆయనకు ట్రాక్టర్ల పర్యవేక్షణ అప్పగించింది. అప్పటి ట్రాక్టర్లు నాగలిని వెనుక ఈడ్చుకుపోయేవి. కర్రు రాయికి తట్టుకుంటే ముందు చక్రాలు లేచి బండి వెనక్కి బోర్లా పడేది. డ్రైవరు దాని కింద నలిగి చచ్చేవాడు.

ఫెర్గూసన్ ఏళ్ల తరబడి కుస్తీ పట్టి నాగలిని ట్రాక్టరులోనే భాగం చేశాడు. కింది రెండు చేతులు లాగుతాయి. పైనున్న టాప్ లింకు ముందుకు నెట్టి ముందు చక్రాలను నేలకు అదిమి ఉంచుతుంది. దుక్కి బరువెక్కితే ఆ నెట్టుడును బట్టి హైడ్రాలిక్కు నాగలిని కాస్త ఎత్తుతుంది. భారం వెనుక చక్రాల మీద పడి పట్టు పెరుగుతుంది.

1938లో అమెరికాలో హెన్రీ ఫోర్డుతో ఒప్పందం కుదిరింది. కాగితం లేదు, చేతిలో చెయ్యి వేసుకున్నారు, అంతే. ముసలాయన తప్పుకున్నాక మనవడి హయాంలో కంపెనీ ఆ మాట తెంచేసి, అదే పద్ధతితో సొంత ట్రాక్టరు అమ్మింది. ఫెర్గూసన్ కోర్టుకెక్కాడు. 1952లో 92.5 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. ఆయనా పెట్టుబడిదారుడే కనుక అన్నాళ్లు కోర్టు ఖర్చు భరించగలిగాడు. నోటిమాట మీద కౌలు చేసే మన రైతుకు ఆ దారి ఎక్కడిది? పాత బండి కొనేటప్పుడైనా ఫైనాన్సు బాకీ తేలిందా, ఆర్.సి. పేరు మారుతుందా అన్నది కాగితం మీద చూసుకోవాలె.

ఇంగ్లండులోని కోవెంట్రీలో 1946 నుంచి పదేళ్లలో ఆయన టి.ఇ.20 ట్రాక్టర్లు 5 లక్షలకు పైగా తయారైనయి. 1953లో ఆయన సంస్థ మాసీ హారిస్‌తో కలిసింది. 1960లో ఆయన చనిపోయాడు. అదే ఏడు మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్ల తయారీకి మద్రాసులో టాఫే పుట్టింది.

బేరానికి పోయినప్పుడు కల్టివేటరు తగిలించి పైకెత్తి ఇంజను ఆపండి. చేతులు గబగబా దిగితే లోపల సీళ్లో, వాల్వో, సిలిండరో అరిగినట్టు. టాప్ లింకు పిన్ను రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి సాగిందా చూడండి. దమ్ము చేసిన బండి నూనె పాలలా తెల్లబడితే నీళ్లు దూరినట్టే. నమ్మకమైన మెకానిక్కుతో ఆ ఖర్చు లెక్క వేయించి, ధరలో తగ్గించి అడగండి.