లీషాన్ బుగ్గల చెంత చక్రవర్తి

చీనా దేశమున చాంగాన్ నగరమునకు తూర్పుగా, ఇంచుమించు 30 కిలోమీటర్ల దూరమున లీషాన్ అను పర్వతము గలదు. దాని ఉత్తరపు పాదమున వేడినీటి బుగ్గలు ఉబుకుచుండును. ఏడాది పొడుగునను ఆ నీటి వేడిమి దాదాపు 43 డిగ్రీల సెంటిగ్రేడు. నేడు షీఆన్ అని పిలువబడు ఆ నగరము రాజధానిగా వెలసిన కాలమున పెక్కురు ప్రభువులు ఆ బుగ్గల చెంత విహరించిరి. అయినను ఆ స్థలమును తలచినంతనే చీనీయులకు మొదట జ్ఞప్తికి వచ్చునది టాంగ్ వంశజుడగు షువాన్‌జోంగ్ చక్రవర్తియు, ఆయన ప్రియురాలు యాంగ్ గుయ్‌ఫెయ్ యును.

షువాన్‌జోంగ్ తొలి పేరు లీ లుంగ్‌జీ. ఆయన క్రీ. శ. 685లో జన్మించెను. చీనా సింహాసనమును తన పేరనే అధిష్ఠించిన ఏకైక స్త్రీ వూ జతియాన్ ఆయన నాయనమ్మ. ఆమె పాలనలోనే బాలుని తల్లి అంతఃపురమున వధింపబడెను. ఆ భయములోనే అతడు పెరిగెను. 710లో, తన 25వ యేట, రాజ్యమును కబళింపజూచిన వేయ్ రాణి పక్షమును మేనత్త తోడ్పాటుతో కూలద్రోసి, తండ్రికి పట్టము కట్టించెను. 712లో తండ్రి స్వయముగా తప్పుకొని కుమారునికి రాజ్య మొప్పగించెను. మరుసటి యేడు ఆ మేనత్తయే ఎదురు తిరుగగా ఆమెను తుదముట్టించెను.

తొలినాళ్లలో ఆయన ఉత్తమ పాలకుడు. యావ్ చుంగ్, సుంగ్ జింగ్ వంటి నిక్కచ్చి మంత్రుల మాట మన్నించెను. 714లో అంతఃపురపు ముత్యములను, జరీ వస్త్రములను జనులు చూచుచుండగా తగులబెట్టించి, ఆడంబరమును నిషేధించెను. సంగీతమున స్వయముగా ప్రవీణుడగుటచే, గాయకులకు, నర్తకులకు శిక్షణ నొసగు ‘పేరుతోట’ విద్యాలయమును నెలకొల్పెను. మహాకవి లీ బై కొంతకాలము ఆయన కొలువున నుండెను. టాంగ్ యుగము చీనాకు స్వర్ణయుగమనిపించుకొనుటకు ఈ దశాబ్దములే ముఖ్య కారణము.

లీషాన్‌పై 644లో ఆయన ముత్తాత తైజోంగ్ నిర్మించిన స్నానమందిరము ఉండెను. 747లో షువాన్‌జోంగ్ దానిని మిక్కిలి విస్తరింపజేసి హువాచింగ్ ప్రాసాదమని పేరిడెను. చలికాలము రాగానే కొలువంతయు అచటికి తరలుచుండెను. యాంగ్ గుయ్‌ఫెయ్ మొదట ఆయన కుమారుని భార్య. ఆమెను సన్న్యాసినిగా మార్చి భర్తనుండి వేరుచేసి, 745లో, తన 60వ యేట, చక్రవర్తి తన అంతఃపురమునకు చేర్చుకొనెను. రాజ్యభారము తొలుత లీ లిన్‌ఫూ చేతిలో, పిమ్మట ఆమె బంధువగు యాంగ్ గువోజోంగ్ చేతిలో పడెను. సరిహద్దున ఆన్ లూషాన్ అను సేనాని ఏకకాలమున మూడు సైనికమండలములకు అధిపతి యయ్యెను.

755 శీతకాలమున దూ ఫూ అను కవి, చిరుద్యోగి, చాంగాన్ నుండి ఫంగ్‌షియన్‌లోని తన కుటుంబమును చూడ బయలుదేరెను. అర్ధరాత్రి నడక సాగించి తెల్లవారునాటికి లీషాన్ చేరెను. గోడలకు ఆవల చక్రవర్తి విందులో నుండెను. ఈవల బాటపై చలికి, ఆకలికి ప్రాణములు విడిచినవారుండిరి. ఇల్లు చేరిన కవికి తన పసిబిడ్డ ఆకలితో మరణించెనని తెలిసెను. ఆ యాత్రను ఆయన ఒక దీర్ఘ కవితగా వ్రాసెను. సరిగా ఆ దినములలోనే, డిసెంబరులో, ఫాన్‌యాంగ్‌లో ఆన్ లూషాన్ తిరుగుబాటు జెండా ఎత్తెను. ఆ వార్త చక్రవర్తికి చేరినది లీషాన్ బుగ్గల చెంతనే.

756లో తుంగ్‌గ్వాన్ కనుమ పడిపోగా చక్రవర్తి రాజధానిని విడిచి పశ్చిమముగా పలాయితుడయ్యెను. మావేయ్ మజిలీయందు ఆకలిగొన్న అంగరక్షకులు మంత్రి గువోజోంగ్‌ను చంపి, గుయ్‌ఫెయ్ ప్రాణమును గూడ కోరిరి. చక్రవర్తి సమ్మతింపక తప్పలేదు. ఆయన చెంగ్‌డూ చేరులోపలనే లింగ్‌వూలో కుమారుడు తనకు తానే పట్టము కట్టుకొనెను. తిరిగి రాజధాని చేరిన వృద్ధునకు మిగిలినది రాజభవనమున ఏకాంతవాసమే. 762లో ఆయన తన 77వ యేట కన్నుమూసెను. మరుసటి యేడు తిరుగుబాటు అణగెను. 754లో 5 కోట్ల 28 లక్షలుగా నమోదైన జనసంఖ్య 764లో 1 కోటి 69 లక్షలకు దిగెను. అందరును మరణించిరని దీని యర్థము కాదు; ఎందరో చెదరిపోయిరి, లెక్కలు వ్రాయు వ్యవస్థయే కూలెను.

1982 నుండి జరిగిన త్రవ్వకములలో ఆ రాతి స్నానకొలనులు వెలుగు చూచినవి. బుగ్గలు నేటికిని పారుచున్నవి. జరీ వస్త్రములను తగులబెట్టించిన యువకుడును, ఆ గోడల నడుమ బాటసారుల ఆకలిని మరచిన వృద్ధుడును ఒక్కడేయగుట విద్యార్థులు మరువరాని పాఠము.