విశాఖ తీరానికి ఓడల కర్మాగారం తెచ్చిన వాల్‌చంద్

విశాఖపట్నంలో మల్కాపురం వైపు వెళ్లే బస్సెక్కినవారిలో చాలామంది సింధియా దగ్గర దిగుతారు. షిప్‌యార్డు కార్మికులు, రేవు కూలీలు, పని మీద పల్లెల నుంచి వచ్చినవారు రోజూ ఆ పేరు పలుకుతూనే ఉంటారు. అది పాత గ్రామం పేరు కాదు, దేవత పేరు అంతకన్నా కాదు. ఒక ఓడల కంపెనీ పేరు. ఆ కంపెనీని ఈ తీరానికి నడిపించుకు వచ్చిన వ్యక్తి సేఠ్ వాల్‌చంద్ హీరాచంద్.

వాల్‌చంద్ 1882 నవంబరు 23న షోలాపూరులో గుజరాతీ జైన కుటుంబంలో పుట్టారు. తండ్రిది పత్తి వ్యాపారం, వడ్డీ వ్యాపారం. కుమారుడికి ఆ దుకాణంలో కూర్చోవడం రుచించలేదు. కాలేజీ చదువు మధ్యలోనే ఆగిపోయింది. ఫాటక్ అనే భాగస్వామితో కలిసి రైల్వే కాంట్రాక్టులు పట్టారు. మొదటి పని బార్సీ లైటు రైల్వేలో దొరికింది. కొండలు తొలిచి, వంతెనలు కట్టి, క్రమంగా బొంబాయి రాష్ట్రంలో పేరున్న కాంట్రాక్టరు అయ్యారు.

తెల్లవారి ఓడలతో పోటీ

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత 1919లో గ్వాలియర్ సింధియా మహారాజు వద్ద ఉన్న లాయల్టీ అనే ఓడ అమ్మకానికి వచ్చింది. యుద్ధ కాలంలో అది గాయపడిన సైనికులకు ఆస్పత్రి ఓడగా పనిచేసింది. వాల్‌చంద్, నరోత్తమ్ మొరార్జీ మొదలైన మిత్రులు కలిసి దానిని కొన్నారు. సింధియా పేరుతోనే ఆవిరి ఓడల కంపెనీ పెట్టారు. 1919 ఏప్రిల్ 5న లాయల్టీ బొంబాయి నుంచి లండనుకు బయలుదేరింది. ఆ రోజునే 1964 నుంచి దేశమంతటా జాతీయ నౌకాయాన దినంగా జరుపుతున్నారు.

ఆ కాలంలో మన తీరంలో సరుకూ మనుషులూ కదిలేది చాలావరకు ఆంగ్లేయ కంపెనీల ఓడల మీదే. విశాఖ, భీమిలి, కాకినాడ రేవుల నుంచి బియ్యం మిల్లుల్లో, రేవుల్లో కూలికోసం రంగూన్ వెళ్లిన మన పల్లెవాసులు కూడా ఆ ఓడలే ఎక్కారు. స్వదేశీ కంపెనీ రావడం ఆ దొరలకు గిట్టలేదు. సరుకు కిరాయిలు అమాంతం తగ్గించి సింధియాను నిలబడనీయకుండా చేయాలని చూశారు. 1923లో వాల్‌చంద్ బృందం తలవంచి పదేళ్ల ఒప్పందానికి అంగీకరించవలసి వచ్చింది. ఎన్ని ఓడలు నడపాలో, ఏ దారిలో నడపాలో దానితో పరిమితులు పడ్డాయి. అయినా కంపెనీ మూతపడలేదు. 1929లో వాల్‌చంద్ దానికి అధ్యక్షులయ్యారు.

పరాయి దేశాల్లో తయారైన ఓడలు కొంటూ పోతే స్వదేశీ నౌకాయానం ఎన్నటికీ నిలదొక్కుకోదని ఆయన నమ్మారు. ఓడలు మన దేశంలోనే కట్టాలని తీర్మానించుకున్నారు.

కలకత్తా కాదు, విశాఖ

ఓడల కర్మాగారం పెట్టడానికి డబ్బొక్కటే చాలదు. లోతైన నీరు కావాలి. కట్టిన ఓడను నీటిలోకి జార్చడానికి అలల తాకిడి లేని చోటు కావాలి. ఉక్కు రేకులు వచ్చే రైలు దారి కావాలి. విశాలమైన స్థలం కావాలి. వాల్‌చంద్ మొదట కలకత్తా వైపు చూశారు. అక్కడ అనువైన స్థలం అనువైన షరతులకు దొరకలేదు.

విశాఖలో ఆ వసతులన్నీ ఒకచోట ఉన్నాయి. డాల్ఫిన్స్ నోస్ కొండ అడ్డుగోడలా నిలిచి లోపలి రేవుకు కాపు కాస్తుంది. చిత్తడి నేలలు తవ్వి కట్టిన రేవు 1933లోనే లాంఛనంగా ప్రారంభమైంది. కలకత్తాకు, మద్రాసుకు రైలు ఉంది. రాయపూరు నుంచి విజయనగరానికి రైలు మార్గం కూడా అప్పటికే పడింది. పరిశ్రమ వచ్చేనాటికి తీరం సిద్ధంగా ఉంది.

1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. ఆ ప్రాంతానికి గాంధీగ్రామ్ అనే పేరు వచ్చింది.

ఆ రోజుల్లోనే మైసూరులో మరో కథ నడిచింది. విమానాల కర్మాగారం పెట్టాలని వాల్‌చంద్ తలపెట్టగా, మైసూరు సంస్థానం ఆయనను బెంగుళూరుకు ఆహ్వానించింది. దివాన్ మీర్జా ఇస్మాయిల్ హయాంలో 700 ఎకరాల భూమి ఇచ్చింది. సంస్థానమే వాటాదారుగా చేరింది. 1940 డిసెంబరులో హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ అక్కడ వెలిసింది. అయితే 1942లో ప్రభుత్వం వాల్‌చంద్ వాటాను కొని ఆ కర్మాగారాన్ని తన చేతిలోకి తీసుకుంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య తలపెట్టిన మోటారు కార్ల పరిశ్రమకు కూడా వాల్‌చంద్ పూనుకున్నారు. అది మైసూరులో సాగక, చివరకు 1944లో బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్‌గా రూపుదిద్దుకుంది.

బాంబులు, ఆగిన పని

విశాఖలోనూ పని సాఫీగా సాగలేదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. పట్నం జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు తరలిపోయారు. కర్మాగారం నిర్మాణం కుంటుపడింది. పెట్టుబడి పెట్టినవారు వెనక్కి తగ్గడానికి అంతకు మించిన సాకు అక్కరలేదు. వాల్‌చంద్ విశాఖను వదలలేదు. యుద్ధం ముగిశాక పని మళ్లీ ఊపందుకుంది.

1948 మార్చి 14న ప్రధాని నెహ్రూ చేతుల మీదుగా జల ఉష నీటిలోకి జారింది. సుమారు 8,000 టన్నుల బరువు మోయగల ఓడ అది. స్వతంత్ర భారతంలో మన గడ్డ మీద కట్టిన మొదటి పెద్ద ఆవిరి ఓడ విశాఖలో పుట్టింది.

సంతోషం వెనుకే చిక్కు వచ్చింది. ఇక్కడ కట్టే ఓడకయ్యే ఖర్చు ఇంగ్లండులో కొనే ఓడ ధరను మించిపోయేది. వరుసగా ఆర్డర్లు లేకపోతే పని నేర్చిన కార్మికులను నిలుపుకోవడం కష్టం. ఒక్క ప్రైవేటు కంపెనీ భరించే భారం కాదది. 1952లో కేంద్ర ప్రభుత్వం మూడింట రెండు వంతుల వాటా తీసుకుని హిందూస్థాన్ షిప్‌యార్డు అని పేరు పెట్టింది. మిగిలిన వాటా కూడా 1961లో ప్రభుత్వానికి చేరింది. 2010లో ఈ సంస్థ రక్షణ శాఖ కిందికి వచ్చింది.

వాల్‌చంద్ అప్పటికే చితికిపోయి ఉన్నారు. 1949లో పక్షవాతం వచ్చింది. మరుసటి ఏడు సింధియా అధ్యక్ష పదవి వదిలారు. విమానాల కర్మాగారం చేతి నుంచి పోయింది, ఓడల కర్మాగారం కూడా పోయింది. 1953 ఏప్రిల్ 8న గుజరాత్‌లోని సిద్ధపూరులో కన్నుమూశారు.

ఓడల కర్మాగారం తరువాత అదే తీరానికి 1957లో చమురు శుద్ధి కర్మాగారం వచ్చింది. ఎరువుల ఫ్యాక్టరీ, భారీ యంత్రాల కర్మాగారం, జింకు కర్మాగారం, ఉక్కు కర్మాగారం వెంట వచ్చాయి. పొలం పనులు తప్ప మరొకటి ఎరుగని కుటుంబాల పిల్లలు వెల్డర్లు, ఫిట్టర్లు అయ్యారు. నెల జీతం పల్లె గడప తొక్కింది.

లాయల్టీ ఓడ ఏనాడో పోయింది. సింధియా కంపెనీ ఓడలు ఇప్పుడు సముద్రం మీద కనిపించవు. మల్కాపురం దారిలో బస్సు ఆగే చోట మాత్రం ఆ పేరు మిగిలింది.